బనీను వేసుకున్న మరిదిగారికి ఏం చెప్పాలి?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. నాకు నలభై దాటాయి. కరోనా రోజుల్లో వీడియోలు చూసి అల్లిక నేర్చుకున్నాను. ఇప్పుడు అది లేకపోతే తోచదు. పొద్దున వంటయ్యాక కాసేపు, రాత్రి టీవీ ముందు కాసేపు సూదులు చేతిలో ఉండాల్సిందే. ఇంట్లో అందరికీ అది నవ్వులాట. "మే నెలలో గుంటూరులో స్వెట్టరు అల్లేది వదిన ఒక్కతే. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అని మా మరిది వచ్చినప్పుడల్లా అంటాడు. పోయినేడు మా ఆడపడుచుకి మంచి ఊలుతో శాలువా అల్లి ఇస్తే, మిషన్లో వేడినీళ్లతో ఉతికి తువాలంత చేసింది. ఇప్పుడు డల్లాస్‌లో ఉన్న మా తోటికోడలు, దసరాకి వచ్చేవాళ్లతో పంపమని ముగ్గురు పిల్లలకీ స్వెట్టర్లు అడుగుతోంది. మావారేమో "ఊరికే ఇచ్చే బదులు అమ్ముకోవచ్చుగా" అంటారు. మా మేనకోడలికి ఏడో నెల. పాపాయికి ఏదన్నా అల్లుదామంటే, పుట్టకముందే అల్లకూడదంటారు మా అత్తగారు. ఎండలకు చేతులు చెమటపట్టి దారం జరగడం లేదు, ఈమధ్య మణికట్టు కూడా నొప్పి పెడుతోంది. బీరువాలో రెండు అరలు ఊలే. సగంలో ఆగినవి నాలుగున్నాయి. అన్నిటికన్నా, ఎంతో ఇష్టంగా మావారికి అల్లిన స్వెట్టరు ఇద్దరు పట్టేంత వచ్చింది. నాది నిజంగా పిచ్చేనంటారా?

— ఒక పాఠకురాలు

జవాబు: ముందు మీ మరిదిగారి సంగతి చూద్దామమ్మా. ఈసారి వచ్చినప్పుడు చొక్కా లోపల ఏం వేసుకున్నారో అడగండి. బనీను అంటారు. ఆ బనీను అంచు కాస్త సాగదీసి, సెల్‌ఫోను కెమెరాతో బాగా దగ్గరగా చూపించండి. సన్నటి 'వి' అక్షరాలు ఒకదాని కింద ఒకటి నిలువుగా దిగుతూ కనిపిస్తాయి. లోపలివైపు తిప్పితే అడ్డంగా వంపులు వంపులుగా ఉంటుంది. మీరు ఒక వరస నిట్ అనే తిన్నటి కుట్టు, ఒక వరస పర్ల్ అనే తిరగేసిన కుట్టు వేసుకుంటూ పోతే వచ్చేదీ అదే. కాకపోతే తిరుప్పూరులో దాన్ని మిషన్ల మీద, సన్నటి నూలుతో అల్లుతారు. ఆయన టీషర్టూ అల్లికే, కాళ్ల సాక్సులూ అల్లికే. రోహిణి కార్తెలో సైతం ఒంటిమీద అల్లికబట్ట లేకుండా గడప దాటే మగవాళ్లు మీ గుంటూరులోనూ మా విజయవాడలోనూ తక్కువే. కాబట్టి ఉలిపికట్టె ఎవరో ఆయన్నే తేల్చుకోమనండి.

ఇది సరదాకి చెప్పడం లేదు. మీ ఉత్తరమంతా చదివాక నాకనిపించింది ఒక్కటే. ఈ ఎండలకు పడనిది అల్లిక కాదు, మీరు వాడుతున్న దారం. వీడియోలు చేసేవాళ్లు మంచు కురిసే దేశాల్లో ఉంటారు. వాళ్లు ఊలుతో స్వెట్టరు అల్లుతుంటే చూసి మనమూ ఊలు, స్వెట్టరే మొదలుపెడతాం. పైగా ఇక్కడ కొట్లో 'ఊలు' అని ఇచ్చేదాంట్లో చాలాభాగం గొర్రె మొహం చూడనిది. లేబులు చదవండి, అక్రిలిక్ అని ఉంటుంది. పెట్రోలియం నుంచి తీసిన దారం అది. రంగులు బాగుంటాయి, ఉతికినా చెక్కుచెదరదు, ధర అందుబాటులో ఉంటుంది. కానీ చెమట పీల్చదు. రెంటచింతల పేరు చెబితేనే ఒళ్లు కాలే ప్రాంతంలో, ఒడినిండా అక్రిలిక్ పెట్టుకుని ఫ్యాను కింద కూర్చుంటే ఉక్కపోయదా మరి!

మీరుండేది ఎక్కడ? ఊరు దాటి లాం వైపు పోతే పత్తి వంగడాల మీద పరిశోధన జరిగే కేంద్రం ఉంది. చుట్టూ నల్లరేగడి నేలలు, పత్తి చేలు, జిన్నింగు మిల్లులు. ఇంత పత్తి మధ్య కూర్చుని లూధియానా నుంచి వచ్చే అక్రిలిక్ ఉండల కోసం వెతుక్కోవడం ఎందుకు? నూలు దారంతో అల్లండి. అల్లికకే ప్రత్యేకంగా చేసిన నాలుగు పోగుల నూలు ఉండలు దొరుకుతున్నాయి. విజయవాడ వచ్చినప్పుడు వన్‌టౌన్‌లో లేసులు, గుండీలు, దారాలు అమ్మే కొట్లలో అడిగి చూడండి. నూలు చూపించమంటే మొదట కుట్టుమిషను దారమో, క్రోషియాకి వాడే సన్నదారమో తీస్తారు. విసుక్కోకుండా, అల్లికసూదులకు పనికొచ్చే లావుది కావాలని రెండోసారి చెప్పాలి.

వేడిప్రాంతంలో దారం పని కొత్తదేం కాదు. గోదావరి డెల్టాలో నరసాపురం చుట్టుపక్కల ఆడవాళ్లు తరాలుగా నూలుదారంతో లేసు అల్లుతున్నారు. అది క్రోషియా, ఒంటి కొక్కెం సూది పని. మీది జంట సూదుల పని. ఆ లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అక్కడా ఎండలు తక్కువేమీ కాదు, ఉక్క ఇంకో పిసరు ఎక్కువే.

అయితే నూలుకూ పేచీలున్నాయి. ఊలు సాగి మళ్లీ వెనక్కి వస్తుంది. నూలు సాగితే సాగినట్టే ఉండిపోతుంది. అందుకే నూలుతో అల్లిన స్వెట్టరు నడుము దగ్గర రిబ్ అనే సాగే పట్టీ నాలుగు ఉతుకులకే వదులైపోతుంది. బరువెక్కువ కాబట్టి తీగ మీద ఆరేస్తే కిందికి జారుతుంది, పరిచి ఆరబెట్టాలి. అల్లేటప్పుడు పోగులు విడిపోయి సూది మధ్యలోంచి దూరుతుంది, మొన మరీ వాడిగా లేని సూది తీసుకోండి. దారంలో సాగుడు లేకపోవడంతో వేళ్లు త్వరగా అలుస్తాయి కూడా. ఇవన్నీ తెలిసి వస్తువు ఎంచుకుంటే పేచీ కాస్తా వాటమవుతుంది. సాగే గుణముందా, రైతుబజారు సంచీ అల్లండి. వలలాగా అల్లిన సంచీ ఖాళీగా ఉంటే గుప్పెట్లో పడుతుంది, గోంగూర కట్టలూ సొరకాయా వేస్తే మోకాళ్లదాకా దిగుతుంది. అందుకని పిడి పొట్టిగా పెట్టుకోవాలి. ఒళ్లు రుద్దుకునే గుడ్డ, గిన్నెలు తుడిచే గుడ్డ, చేతులు లేని వేసవి జుబ్బా, పైన వేసుకునే పల్చటి స్కార్ఫు నూలుతో హాయిగా వస్తాయి. హైదరాబాదు వెళ్లే రాత్రి ఏసీ బస్సులో ఆ స్కార్ఫు విలువ తెలుస్తుంది. నడివేసవిలోనూ అర్ధరాత్రి దాటితే ఆ బస్సులో పళ్లు టకటకలాడతాయి. ఊలు కూడా పూర్తిగా మానేయక్కర్లేదు. ధనుర్మాసంలో తెల్లారకుండా గుడికి వెళ్లే పెద్దవాళ్ల చెవులకు, మాఘమాసంలో కాశీ వెళ్లేవాళ్లకు, తిరుమల కొండమీద డిసెంబరు రాత్రులకు అది కావాల్సిందే. ఆ పని కార్తీకంలో పెట్టుకోండి.

చేతుల చెమట మాటకొస్తే, స్టీలు, అల్యూమినియం సూదులు పక్కనపెట్టి వెదురు సూదులు పట్టుకోండి. తడి తగిలినా వేళ్లకు జిగటగా అనిపించవు, కుట్లు కూడా పట్టు తప్పి జారవు. సబ్బుతో చేతులు కడుక్కుని, బాగా తుడుచుకుని కూర్చోండి. ఎండాకాలం నాలుగు నెలలూ ఒడిలో బరువు పెరిగే పని వద్దు. చిన్న చిన్న చదరాలు అల్లి డబ్బాలో పడేసుకుంటే, చలికాలం వచ్చాక అన్నీ కలిపి దుప్పటి కుట్టుకోవచ్చు. మణికట్టు నొప్పికి కొంత కారణం పొడుగాటి సూదులే అయ్యుండాలి. స్వెట్టరు బరువంతా సూది చివర వేలాడితే ఆ భారం మోసేది మణికట్టే. మధ్యలో తీగ ఉండే గుండ్రసూది కొనుక్కోండి, బరువు ఒడిలో పడుతుంది. దానిమీద తిన్నగా ముందుకూ వెనక్కూ కూడా అల్లుకోవచ్చు. అరగంటకోసారి లేచి చేతులు విదిలించుకోండి. అన్నట్టు, రాత్రిపూట బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి మెలకువ వస్తోందా? వస్తుంటే మాత్రం సూదులు మార్చి ఊరుకోకండి. అది మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతోందనడానికి గుర్తు కావచ్చు, డాక్టరుకి చూపించండి.

ఇక చుట్టాలు. మీ ఆడపడుచుగారి మీద నాకు కోపం రావడంలేదు. అసలైన ఊలు పోగుమీద కంటికి కనపడని పొలుసులుంటాయి. వేడినీళ్లు, సబ్బు, మిషను తిప్పుడు, మూడూ కలిస్తే ఆ పొలుసులు ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని బట్ట కంబళిలా బిగుసుకుపోతుంది, మళ్లీ విడదు. ఆ సంగతి మీరు చెప్పారా? చీటీ రాసి పెట్టారా? మన ఇళ్లలో ఏ బట్టయినా మిషన్లోకే పోతుంది. కాబట్టి చుట్టాలకిచ్చేవన్నీ అక్రిలిక్‌తోనో నూలుతోనో అల్లండి. నిజమైన ఊలు మీకూ, దాని విలువ తెలిసిన ఇద్దరు ముగ్గురికీ ఉంచుకోండి. ఇది పిసినారితనమేం కాదు.

డల్లాస్ స్వెట్టర్ల విషయంలో మాత్రం మొహమాటపడకండి. పిల్లల స్వెట్టరయినా గంటల తరబడి పని. ముగ్గురికంటే దసరాదాకా మీకు ఇంకో పని ఉండదు. ఊరికే వస్తే ఫినాయిలైనా తాగుతారని ఒక మోటు సామెత ఉంది. మీ తోటికోడలు అలాంటి మనిషని నేననను. ఒక స్వెట్టరు వెనక ఎంత పనుందో ఆవిడకు తెలియదు, అంతే. తెలియజెప్పాల్సింది మీరే. పెద్ద తోటికోడలైతే ఇలా అనండి: "అక్కా, పిల్లలకి నా చేత్తో అల్లడం నాకూ సంతోషమే. దసరాకి చిన్నాడికి ఒక్కటి అవుతుంది. మిగతావి ఆపైన చూస్తాను. ఊలు అక్కడే మంచివి దొరుకుతాయిగా, మిషన్లో వేసినా పాడవనిది చూసి వచ్చేవాళ్లతో పంపు. వాడికి ఇప్పుడు సరిపోతున్న స్వెట్టరు ఒకటి పరిచి, చంకల కింద అడ్డంగా టేపు పెట్టి కొలత పంపు." ఇందులో కాదనడం ఎక్కడా లేదు. కానీ ఊలు ఎంచి, కొని, కొలత తీసి పంపేసరికి అడగడంలో ఉన్న తేలిక తగ్గుతుంది. నిజంగా కావాలనుకునేవాళ్లు పంపుతారు. తక్కినవాళ్లు మరిచిపోతారు, మీరూ మరిచిపోవచ్చు. ఒక్కటి మాత్రం, ఊలు వచ్చేదాకా కుట్లు ఎక్కించకండి.

మీవారి సలహా మంచి మనసుతో ఇచ్చిందే. కానీ లెక్క వేయండి. పెద్దవాళ్ల స్వెట్టరు ఒకటి యాభై గంటలు పట్టిందనుకుందాం. దాన్ని పదిహేను వందలకు అమ్మారు, ఊలుకు ఆరువందలు పోయాయి. మిగిలిన తొమ్మిది వందలు యాభై గంటలకు పంచితే గంటకు 18 రూపాయలు. చలికాలం రాగానే రోడ్డు పక్కన గుట్టలు పోసి అమ్మే మిషను స్వెట్టర్ల పక్కన మీ పదిహేను వందలే ఎక్కువంటారు జనం. నరసాపురం లేసు విదేశాలకు వెళ్తుంది, పేరుంది, గుర్తింపుంది. అయినా ఇంట్లో కూర్చుని అల్లే మనిషి చేతికి వచ్చే కూలి ఎప్పుడూ తక్కువే, మధ్యలో చేతులు మారినకొద్దీ ఇంకా తగ్గుతుంది. మీరు ఇల్లు గడవడానికి అల్లడంలేదు. గడవాల్సి ఉంటే నా జవాబు వేరేలా ఉండేది. ఇష్టంగా చేసే పనికి ఆర్డర్లు, గడువులు, "నీలం కాదండీ, సముద్రనీలం" అనే ఫోన్లు తగిలిస్తే రాత్రి టీవీ ముందు ఉన్న ఆ కాసేపు సుఖమూ పోతుంది. క్రికెట్టు చూడటానికి ఎవరూ ఆయనకు డబ్బులివ్వడం లేదుగా! ఇది నా పేరు చెప్పకుండా మీ మాటగా అడగండి.

మేనకోడలి పాపాయి దగ్గర నేను మీ అత్తగారి పక్షం. పుట్టకముందు బిడ్డకు ఏదీ సిద్ధం చేయకూడదన్నది మనవైపు చాలా ఇళ్లలో ఉన్న పట్టింపే. దాన్ని కాదని అల్లి, రేపు కాన్పులో చిన్న చిక్కొచ్చినా ఆ మాట మీ మెడకు చుట్టుకుంటుంది. ఎందుకొచ్చిన గొడవ? పైగా ఆగడమే లాభం. పురిట్లో ఎలాగూ మెత్తటి పాతబట్టలే కడతారు. మీ లెక్కన శ్రావణం అటూ ఇటూగా కాన్పు, అంటే చలి మొదలయ్యేసరికి బిడ్డకు నాలుగైదు నెలలు. మీరు పుట్టిన బిడ్డ కొలతకు అల్లితే చలికాలానికి అది బొమ్మకు వేయాలి. ఆరు నెలల కొలతకు, ముందువైపు తెరుచుకునేలా, నూలుతో అల్లి బారసాలకు ఇవ్వండి. పుట్టిన కబురు అందాక మొదలుపెట్టినా, చిన్నది కాబట్టి కూర్చుంటే అయిపోతుంది.

ఇందులో కొన్ని జాగ్రత్తలు చెప్పాలి, ఇవి నాకు మిగతా అన్నిటికన్నా ముఖ్యం. చేతితొడుగులు, మేజోళ్లు అల్లితే లోపలివైపు వదులుగా వేలాడే దారం ఒక్కటి కూడా ఉండకూడదు. అది బుల్లి వేలికి చుట్టుకుని బిగిస్తే రక్తం ఆగుతుంది, బిడ్డ ఎందుకేడుస్తోందో ఎవరికీ అర్థం కాదు. కన్నాల డిజైను కూడా వాటికి వద్దు, వేళ్లు ఇరుక్కుంటాయి. మెడ దగ్గర కట్టే తాళ్లు, ఊడివచ్చే గుండీలు పెట్టకండి. టోపీ అల్లితే పల్చగా అల్లండి. మన ఇళ్లలో శ్రావణం ఉక్కలో కూడా బిడ్డకు ఊలు టోపీ తీయరు, నిద్రలో అది మరీ ప్రమాదం. ఎప్పుడు పెట్టాలో, ఎప్పుడు తీయాలో పిల్లల డాక్టరునడగమని మేనకోడలికి చెప్పండి. ఆ బట్టల మధ్య కలరా ఉండలు వేయొద్దు. ఆ నాఫ్తలీను కొందరు పసిపిల్లల రక్తానికి హాని చేస్తుంది, వాళ్లెవరో పైకి చూస్తే తెలియదు.

బీరువా గురించి ఎక్కువ చెప్పను. అల్లేవాళ్ల ఇళ్లన్నీ అంతే. అక్రిలిక్‌ను పురుగు ముట్టుకోదు, నిశ్చింతగా ఉండొచ్చు. అసలు ఊలుంటే బాగా ఆరిన వేపాకు వేసి, మూత బిగించి, వానాకాలం వెళ్లాక ఓసారి తీసి గాలికి పెట్టండి. సగంలో ఆగిన నాలుగింటిలో మళ్లీ పట్టుకోవాలనిపించేది ఏదో మీకు తెలుసు, తక్కిన మూడూ విప్పేయండి. మిగిలిన తుక్కు ఉండలకు సంక్రాంతి బొమ్మల కొలువుంది. బొమ్మలకు స్వెట్టర్లు అడగడం ఎవరికీ తోచదు, పెడితే చూసి పోనివారుండరు.

ఇద్దరు పట్టే స్వెట్టరు. ఇందులో మీ చేతి తప్పు లేదని నా అనుమానం. అమెరికా వీడియో చూసి అల్లారు కదా? అందులో 6 నంబరు సూది అని ఉంటుంది, మీరు కొట్లో 6 నంబరే అడిగి తెచ్చుకుని ఉంటారు. ఇక్కడ చాలావరకు నడిచేవి పాత ఇంగ్లండు నంబర్లు. అమెరికా 6 అంటే 4 మిల్లీమీటర్ల మందం, ఇంగ్లండు 6 అంటే 5 మిల్లీమీటర్లు. అమెరికా లెక్కలో నంబరు పెరిగితే సూది లావవుతుంది, ఇంగ్లండు లెక్కలో సన్నబడుతుంది. కాబట్టి నంబరు మాట ఎత్తకుండా మిల్లీమీటర్లు అడగండి, సూది మీదే రాసి ఉంటుంది.

అయినా కొలతముక్క అల్లకుండా పెద్దపని మొదలుపెట్టకూడదు. పది సెంటీమీటర్లకు 22 కుట్లు రావాలని డిజైనులో ఉందనుకోండి. 220 కుట్లు ఎక్కిస్తే చుట్టుకొలత 100 సెంటీమీటర్లు. మీ చేతికి పదింటికి 20 కుట్లే పడితే అవే 220 కుట్లు 110 అవుతాయి. రెండు కుట్ల తేడాకు నాలుగంగుళాలు! సూది తేడా కూడా కలిస్తే ఇంకా పెరుగుతుంది. అందుకని పదిహేను సెంటీమీటర్ల ముక్క అల్లి, ఉతికి, ఆరాక, నడిమధ్యలో పది సెంటీమీటర్లు కొలిచి కుట్లు లెక్కపెట్టండి. ఉతకకుండా కొలవొద్దు, నూలైతే అసలే వద్దు.

ఆ స్వెట్టరు విప్పడానికి మీవారు ఒప్పుకుంటే ముందు పక్క కుట్లు, భుజాల కుట్లు ఊడదీసి ముక్కలు విడదీయండి. ప్రతి ముక్కా మీరు ముగించిన అంచు నుంచే విప్పాలి, మొదలుపెట్టిన వైపు నుంచి లాగితే చిక్కుపడుతుంది. వచ్చిన దారాన్ని కుర్చీ వీపుకు చుట్టి చిలపలా చేసి, నాలుగు చోట్ల వదులుగా కట్టి, గోరువెచ్చని నీళ్లలో తడిపి, పిండకుండా నీడలో వేలాడదీయండి. మెలికలు చాలావరకు పోతాయి. అక్రిలిక్ అయితే కాస్త మొండికేస్తుంది, అడుగున ఒక చిన్న బరువు కట్టండి. పూర్తిగా ఆరాకే ఉండలు చుట్టండి. ఇప్పుడైతే ఒక్క పూటలో ఆరిపోతుంది, వానలు పడ్డాక రోజుల తరబడి వాసన కొడుతూ వేలాడుతుంది. కాబట్టి విప్పేదేదో ఈ ఎండలుండగానే విప్పేయండి.